సారవ్వ గదిలో చప్పుడు లేదు

“ఆ ముసలామె పిల్లలకు నిద్రమందు కలిపి తాగిస్తుందేమో.”

బెండకాయలు తరుగుతూ సంధ్యారాణి అన్న ఈ మాటకు భర్త ఉమాకాంత్ టీవీ మీది చూపు తిప్పలేదు. రెండోసారి అంటే తిప్పాడు.

“ఎవరు, సారవ్వనా? ఆమెకు తన బీపీ గోళీనే యాదికుండది.”

“నవ్వకండి. పైన పది పన్నెండు మంది పిల్లలు. అందరూ ఐదో తరగతి దాటినోళ్లే. ఆ వయసోళ్లు ఒక్క గదిలో ఉంటే గల్లీ అంతా వినబడాలె. చిన్న చప్పుడన్నా వస్తుందా?”

“చప్పుడు చేస్తే లొల్లి అంటరు, చేయకుంటే నిద్రమందు అంటరు. ఇగ పోరగాండ్లు ఎట్ల బతకాలె?”

సంధ్యారాణి నవ్వలేదు. ఆమె అనుమానం మనిషి అని అత్తగారింట్లో పేరుండేది గానీ, ఆమె దృష్టిలో అది చదువు నేర్పిన జాగ్రత్త. కరీంనగర్‌లో కెమిస్ట్రీ చదివి, పెళ్లయ్యాక సూరత్ వచ్చి, సచిన్ పారిశ్రామికవాడలో బట్టలకు రంగులద్దే ఒక డైయింగ్ మిల్లు ల్యాబులో చేరింది. ఏ రంగునీళ్లలో ఏం కలిసిందో చూడడం ఆమె పని. ఆ చూపు ఇంటికొచ్చాక కూడా ఆగేది కాదు. పాలు కొంటే పాలను, పసుపు కొంటే పసుపును అనుమానించేది. ఇక కూతురి సంగతి చెప్పేదేముంది.

కూతురు మనస్వినికి పన్నెండో ఏడు నడుస్తోంది. ఎండాకాలం సెలవులొచ్చాయంటే ఆ వయసు పిల్లతో ఏం చేయాలో తెలియదు. చిన్నపిల్లల్ని చూసుకునే చోట చేర్చుకోరు. డాన్సు, ఈత, రోబోలు చేయించే క్లాసులన్నీ ఊరికి అవతల అడాజన్ వైపు ఉంటాయి, తీసుకుపోయి తెచ్చేవాళ్లు లేరు. ఉమాకాంత్ జోల్వాలో మగ్గాల మాస్టరు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఇంట్లో పెట్టి తాళం వేద్దామంటే లోపల ఫోనుంది, గ్యాసుంది. ఊరి శివారున ఉన్ అనే పేటలో వాళ్లుండే వరస ఇళ్లలో అందరిదీ ఇదే బాధ. ఆ బాధ తీర్చేది పై అంతస్తులో ఉండే సారక్క ఒక్కతే. పిల్లలకూ తల్లులకూ ఆమె సారవ్వ.

సారక్కది సిరిసిల్ల దగ్గరి పల్లె. ఆగయ్యను పెళ్లి చేసుకుని సూరత్ వచ్చింది. మొగుడు మగ్గాలు నడిపితే ఆమె అదే షెడ్డులో దారం కండెలు చుట్టింది. ఆగయ్య పోయాక కూడా మానలేదు. కొడుకును ఐటీఐ చదివించింది. అతను ఇప్పుడు ఇచ్ఛాపూర్‌లో ఫ్యాక్టరీ పనిచేస్తూ ఆదివారాలు వచ్చిపోతుంటాడు. ఆమె పని మానేసి ఇంట్లో కూర్చున్న మొదటి ఎండాకాలంలో, కింది గదుల్లో తాళం పెట్టి వదిలిన పిల్లలు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉండడం చూసింది. సాయంత్రం ఇంటింటికీ పోయి తాళంచెవులు అడిగి తెచ్చుకుంది. అప్పటి నుంచి సెలవులన్నీ పిల్లలు ఆమె గదిలోనే. పైసలు తీసుకోదు. వచ్చే పిల్ల తన ఇంట్లోంచి పిడికెడు ఏదైనా తేవాలి, అంతే. కందిపప్పో, పల్లీలో, రెండు వంకాయలో. వచ్చినవాటితోనే మధ్యాహ్నం వంట. కూర పేరేమిటని అడిగితే “ఇయ్యాల్టి కూర” అనేది.

పైసలు తీసుకోకపోవడమే సంధ్యారాణికి మొదట నచ్చలేదు. ఊరికే ఇంత చాకిరీ ఎవరు చేస్తారు? దానికి తోడు ఆ మనిషి తీరు. మెట్ల మీద వెనకనుంచి పలకరిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. ఎదురుపడితే మాత్రం పళ్లు లెక్కపెడుతున్నట్టు మన నోటివైపే చూస్తుంది. అడిగిందానికి ఒక్కోసారి పొంతనలేని జవాబిచ్చి నవ్వుతుంది. గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. కూలర్ చల్లగాలి పోతుందని అంటుంది గానీ, సంధ్యారాణి నమ్మలేదు.

“మనూ, ఇవ్వాళ ఏం చేసిన్రు?” సాయంత్రం కుక్కర్ మూత బిగిస్తూ రోజూ అడిగేది.

“కుచ్ నహీ, మమ్మీ.”

“పొద్దంతా ఏమీ చేయకుండా ఎట్లుంటరు?”

“ఐసే హీ. ఊరికే ఉన్నం.”

ఒకరోజు మనస్విని అద్దం ముందు నిలబడి చప్పుడు లేకుండా పెదవులు కదపడం, రెండు వేళ్లు మణికట్టు మీద అడ్డంగా గీసుకోవడం తల్లి కంట పడింది. చెయ్యి పట్టి ఆపింది.

“ఏందది? సారవ్వ నేర్పిందా? ఎవరికీ చెప్పొద్దన్నదా?”

“ఆమె ఏమనలే. మేమే అనుకున్నం చెప్పొద్దని.”

అంతకుమించి పిల్ల నోరు తెరవలేదు. ఆ రోజు నుంచి సంధ్యారాణి కూతురు ఇంటికి రాగానే ఫోన్ టార్చి వేసి కంటి రెప్ప కిందికి లాగి చూడడం మొదలుపెట్టింది. నిద్రమందు పడితే కంటిపాప చెబుతుందని ఆమెకు తెలుసు. నాలుక చూసింది. తల వాసన చూసింది. చివరికి మనస్విని నీళ్ల సీసాలో మిగిలిన, సారవ్వ పోసిచ్చిన నిమ్మకాయ షర్బత్‌ను మూత బిగించి మిల్లుకు పట్టుకుపోయింది.

ల్యాబులో పీహెచ్ మీటరు పెట్టి పులుపు కొలిచింది. నిమ్మకాయకు ఉండాల్సినంతే ఉంది. నిద్రమందు తేల్చే సరంజామా అక్కడ లేదని ఆమెకూ తెలుసు. ఇంకేం చేయాలా అని అటు తిరిగేసరికి పక్క బల్ల జిగ్నేశ్ సీసా ఎత్తి గటగటా తాగేశాడు.

“సంధ్యాబెన్, దీంట్లో ఒకటే దోషం” అన్నాడు మూతి తుడుచుకుంటూ. “ఉప్పు కొంచెం ఎక్కువ.”

సాయంత్రం దాకా సంధ్యారాణి జిగ్నేశ్‌నే చూస్తూ కూర్చుంది. అతను ఒక్క ఆవులింత కూడా తీయలేదు. ఇంటికి పోయేముందు దగ్గరికొచ్చి, “బెన్, నా మొహానికి ఏమైనా అంటిందా?” అని అడిగాడు.

మందు కాకపోతే మరింకేమిటి? భయం తగ్గలేదు సరికదా పేరు లేనిదైంది. మరునాడు సగం రోజు సెలవు పెట్టి, చెప్పులు కిందే విడిచి, చప్పుడు కాకుండా మెట్లెక్కింది. తలుపు మూసే ఉంది గానీ గడియ లేదు. మెల్లగా తోసింది.

పిల్లలు ఎదురెదురుగా రెండు వరసల్లో కూర్చున్నారు. పెదవులు కదులుతున్నాయి, వేళ్లు గాలిలో ఆడుతున్నాయి. కొందరు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వుకూ చప్పుడు లేదు. ఆ మూల సారక్క ఇటు వీపు పెట్టి పొయ్యి ముందు కూర్చుని పకోడీలు వేస్తోంది. తలుపు దగ్గరి పిల్ల సంధ్యారాణిని చూసి, వేలితో తన కంటి రెప్ప కిందికి లాగింది. అంతే, వరసలన్నీ ఇటు తిరిగాయి.

“సారవ్వా” అంది సంధ్యారాణి.

జవాబు లేదు. మళ్లీ పిలిచింది. ఈసారి గట్టిగా, కోపంగా. సారక్క పకోడీ తిరగేసింది. మనస్విని లేచి నిలబడి తల అడ్డంగా ఊపుతోంది. పిల్ల కళ్లలో నీళ్లు. సంధ్యారాణి కంగారుగా వెనక్కి అడుగేసింది. గడప బయట బిందె మీదున్న స్టీలు చెంబు ఆమె కాలు తగిలి, గణగణమంటూ మెట్లన్నీ దొర్లుకుంటూ కిందికి పోయింది. కింది గదిలోంచి ఎవరో తిట్టారు. పిల్లలు చెవులు మూసుకున్నారు. సారక్క మాత్రం జల్లిగరిటె దులిపి, ఇంకో వాయి వేసింది.

సంధ్యారాణికి అప్పుడు అర్థమైంది.

మనస్విని మడమతో నేలను రెండుసార్లు తన్నింది. సారక్క వెనక్కి తిరిగింది.

“అచ్చినవా బిడ్డా. తెలిసిందా ఇగ?” అని పొయ్యి ఆపింది. “మగ్గాల కాడ ముప్పై ఏండ్లు కూసున్న. చెవులు ఆడనే ఇడిసి అచ్చిన.”

షెడ్డులో మగ్గాల మోతకు పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. అందుకే అక్కడివాళ్లు పెదవులు చూసి మాట అందుకుంటారు, చేతులతో జవాబిస్తారు. మణికట్టు మీద రెండు వేళ్లు గీస్తే దారం తెగిందని. పొట్ట నిమిరితే సేఠ్ వస్తున్నాడని. సారక్క చెవులు పోయిన సంగతి కనిపెట్టిన పిల్లలు ఆ భాష నేర్పమని ఆమె వెంటపడ్డారు. నేర్చుకున్నాక తమ మాటలు తామే కలిపారు. ఒకరు కథ చేతులతో చెబితే ఎదుటి వరస దాన్ని విప్పాలి. చప్పుడు చేసినవాళ్లు ఆట నుంచి బయటికి.

“కంటి రెప్ప లాగితే?” అని అడిగింది సంధ్యారాణి.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మనస్విని తల వంచుకుని, “మనూ మమ్మీ వస్తుందని” అంది.

సారక్క పకపకా నవ్వింది. సంధ్యారాణికి నవ్వు రాలేదు. పొయ్యి మీది నూనె వైపు చూస్తోంది.

“అవ్వా, నువ్వు అటు తిరిగి ఉన్నప్పుడు ఇటు ఏ పిల్లకన్నా ఏమన్నా అయితే?”

“మడిమెతోని తంతరు. నా కాళ్లకు తెలుస్తది.”

“అందరూ బయటికి పోయి ఒక్క పిల్లే ఉన్నప్పుడు కండ్లు తిరిగి పడితే? ఎవరు తంతరు?”

సారక్క చేతిలోని జల్లిగరిటె కింద పెట్టింది. “అంత దూరం నేను సోంచాయించలే” అంది. “చెవిటిదానికి పిల్లలనెవరిస్తరు అని దాసిన. నువ్వన్నది ఖరే. నలుగురికీ నువ్వే చెప్పు. నేనైతే చెప్పలేను.”

ఆ సాయంత్రమే సంధ్యారాణి ఆ పిల్లల తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి చెప్పింది. సారక్క గోడకానుకుని ఒక్కొక్కరి నోటివైపూ చూస్తూ నిలబడింది. ఒకరు తమ పిల్లను మాన్పించేశారు. మిగతావాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. తలుపు తెరిచే ఉండాలి. పొయ్యి వెలిగించిన సేపు ఆ పూట పనిలేని తల్లి ఒకరు గదిలో కూర్చోవాలి. సెలవులు సాగిపోయాయి.

మనస్విని మాత్రం తల్లితో మాట మానేసింది. “నువ్వు చెప్తవని తెలుసు. అందుకే నీకు చెప్పలే” అన్నదే ఆఖరి మాట. ఏమడిగినా గోడనడిగినట్టే. ఇక ఆగలేక సంధ్యారాణి తన వంతు రోజున, పొయ్యి పక్కన కూర్చుని, సారక్క ముందు ఏడ్చినంత పనిచేసింది.

“రోజూ అడుగుత అవ్వా. ఏం చేసిన్రు, ఏం తిన్నరు అని.”

“అడుగుతవు. కుక్కర్ దిక్కు జూసుకుంట అడుగుతవట. నీ పిల్ల నీ లెక్కనే చేసి సూపెడితే అందరం నవ్వినం.” సారక్క ఆమె గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది, తన మాట ఆమెకు వినబడదేమో అన్నట్టు.

సంధ్యారాణి అనుమానం పూర్తిగా పోయిందని చెప్పలేం. పసుపును ఇప్పటికీ నీళ్లలో వేసి చూస్తుంది. మనస్విని వంటింటి గడపలో నిలబడి “మమ్మీ” అంటే మాత్రం పొయ్యి తగ్గించి, ఫోను బోర్లా పెట్టి, పూర్తిగా అటు తిరుగుతుంది. మొదటి వారం పిల్ల ఏమీ చెప్పకుండానే వెళ్లిపోయింది. రెండో వారం నుంచి గడపలోనే కూర్చుంటోంది. ఆ రోజు సారక్క గడ్డం పట్టుకుని చెప్పింది ఇంతే:

“నాకు చెవుల్లేవు గనుక పిల్ల నోరు దెరిస్తే మొఖం జూడక తప్పది. నీకు చెవులున్నయని ఆ పని ఇడిసిపెట్టకు, బిడ్డా. అడుగుడు బంద్ చెయ్యి. చేతిల పని ఆపి మొఖం జూడు. పిల్ల తానే చెప్తది.”