కుడితి డబ్బాలో బూడిద

గోదావరిఖని బస్సులో నా పక్కన కూర్చున్న ముసలమ్మ, బర్రెకు పెట్టే కుడితి డబ్బాను నా కాళ్ల దగ్గరికే జరిపింది. ఒక్క కుదుపుకు అది తొణికి నా ఇస్త్రీ ప్యాంటు తడిసింది.

"ఏందవ్వా, బస్సులకు గిది తెస్తరా?" అని కసిరాను.

కొంగుతో తుడవబోయిన ఆమె నాకంటే గట్టిగా విసుక్కుంటూ, వేళ్లకంటిన బూడిద చూపించింది.

"సూడు బిడ్డా! బొగ్గుబాయి క్వార్టర్ల ఆఖరు వరుసల ఇండ్లకెల్లి తెచ్చిన. కుడితిల బొగ్గుపొయ్యి బూడిద పోస్తే బర్రె మూతి పెడ్తదా? బూడిద వేరే పెట్టుండ్రని ఎన్నిసార్లు చెప్పాలె?"

బస్సు దిగగానే కుడితంతా రోడ్డు పక్కన పారబోసి, ఖాళీ డబ్బాతో వెళ్లిపోయింది.

మా ఇల్లు ఆఖరు వరుసలోనే. ఆ పొద్దున, కుడితికని ఇంటి ముందు పెట్టే గంజి, తొక్కల డబ్బాలో పొయ్యి బూడిద పోసింది నేనే.

సాయంత్రం ఇంకో డబ్బా కొనుక్కుపోయాను. ఎందుకని నా భార్య అడుగుతుంటే, పొయ్యి బూడిద అందులో పోశాను. ఆ ప్యాంటు మాత్రం నేనే ఉతుక్కున్నాను.