మేస్త్రి తల మీద ఒట్టు

ఆ రోజుల్లో ఒక దేశం గురించి తెలియాలంటే ఆ దేశం వెళ్లి చూడాలని అమాయకులు అనుకునేవారు. ఫోను నిండా చార్జింగు, క్యాంపులో కాస్త వైఫై ఉంటే ఏ దేశమైనా మంచం మీదికే వస్తుందని నాకు అప్పటికే తెలుసు. సౌదీలోని దమ్మామ్‌లో ఒక మెయింటెనెన్సు కంపెనీలో హెల్పరుగా చేరిన కొత్త. హెల్పరంటే ఎవరికో పక్కన నిలబడి సాయం చేసేవాడని ఇంటి దగ్గర అనుకున్నారు, నేనూ అనుకున్నాను. క్రేను వెళ్లలేని చోటికి ఇనుప పైపుతో సహా వెళ్లేవాణ్ని హెల్పరంటారని వచ్చాక తెలిసింది. పగలంతా ఎండలో మోత మోసి, సాయంత్రం మంచం పై అంతస్తెక్కి లోకజ్ఞానం సంపాదించేవాణ్ని.

సరిగ్గా అప్పుడే మా క్యాంపులో థాయిలాండు వెల్డర్లు దిగారు. వాళ్ల పెద్దకి మేం పెట్టుకున్న పేరు నవ్వుల మేస్త్రి. పలకరిస్తే నవ్వేవాడు, పని చెడగొడితే నవ్వేవాడు, మెస్సులో అన్నం మాడినా నవ్వేవాడు. ఆయన మాలో ఒక హెల్పర్ని తన గ్యాంగులోకి తీసుకుని వెల్డింగు నేర్పుతాడని ఆఫీసు నుంచి కబురొచ్చింది. పని చేతికొస్తే ఇక పైపులు మోయనక్కరలేదు, మోయమని ఇంకొకడికి చెప్పొచ్చు. ఆ ఒక్క చోటు నాకే దక్కాలని నిశ్చయించుకున్నాను. మిగతా మూర్ఖులు గ్రైండరు పట్టడం, రాడ్డు పట్టడం సాధన చేస్తుంటే, తెలివైనవాణ్ని కనుక నేను థాయిలాండు ఆచార వ్యవహారాల మీద పడ్డాను.

నేర్చుకున్నది కడుపులో దాచుకునే అలవాటు లేనివాణ్ని కావడంతో రోజూ రూములో ఉపన్యాసం ఉండేది. వినేవాళ్లలో ముఖ్యుడు కాకా. ఆర్మూరు వైపు మనిషి, మా రూములో అందరికన్నా పెద్ద. గల్ఫులోనే తల నెరిసింది, ఇంకా హెల్పరే. "కాకా, వాళ్ల ఇండ్ల ముంగట గుంజ మీద బొమ్మరిల్లంత గుడి ఉంటదట. అండ్ల ఉండే దేవతకు ఎర్ర సోడా పెడ్తరు, పీల్చే పుల్ల సుత ఏసి పెడ్తరు" అన్నాను కళ్లు పెద్దవి చేసి. "మన పోశమ్మకు కల్లు సాక పొయ్యమా? గాల్లు సోడా పోస్తరు. అండ్ల వింతేంది?" అన్నాడు కాకా, తలకు నూనె రాసుకుంటూ. మిడతలు వేయించుకుని తింటారు అన్నాను. "వానకాలం ఉసిళ్లు ఏంచుకోని తినలేదారా నువ్వు?" కొత్త సంవత్సరానికి వీధుల్లో బకెట్లతో నీళ్లు గుమ్మరించుకుంటారు అన్నాను. "హోలినాడు మనం గుమ్మరిచ్చుకోమా?" నేను ఫోనులో ఎంతో కష్టపడి పోగేసిన వింతలన్నిటినీ ఆ మనిషి తీసుకెళ్లి మా జిల్లాలో పడేసేవాడు. ఇలాంటివాళ్ల వల్లే పర్యాటక రంగం దెబ్బతింటుంది.

ఒక్క విషయం దగ్గర మాత్రం కాకా నోరు మూయించాను. థాయిలాండులో మనిషి తల పరమ పవిత్రం, పసిపిల్లవాడి తలైనా ఎవరూ ఊరికే ముట్టుకోరు, పెద్దల తల ముట్టుకుంటే అంతకు మించిన అవమానం లేదు. "అందరూ ఇనుండ్రి, మేస్త్రి తల జోలికి ఎవ్వరు పోవద్దు" అని రూముకంతటికీ హెచ్చరిక జారీ చేశాను (ఎవరైనా పనిగట్టుకుని ఆయన తల ఎందుకు ముట్టుకుంటారని ఒక్కరూ అడగలేదు, అది వేరే సంగతి). పెద్దల ముందు నడిచేటప్పుడు వంగి నడవాలని కూడా నేర్చుకున్నాను. మేస్త్రి కనిపిస్తే చాలు, చేతులు జోడించి నడుం వంచి పోయేవాణ్ని. అలా వారం తిరిగేసరికి ఫోర్క్‌లిఫ్టు నడిపే పాకిస్తానీ నన్ను ఆపి, "కమర్ మే దర్ద్ హై క్యా భాయ్?" అని, నడుం నొప్పేమో అనుకుని జాలిగా అడిగాడు.

మేస్త్రి దగ్గర ఒక మట్టి రోలు ఉండేది. భార్య ఇచ్చిందట, బట్టల మధ్య చుట్టి, పగలకుండా సూటుకేసులో మోసుకొచ్చాడు. శుక్రవారం సెలవు కదా, ఖతీఫ్ బజారులో వెతికి తెచ్చుకున్న పచ్చి బొప్పాయిని కోరి, పచ్చిమిరపకాయ, నిమ్మరసం వేసి, అందులో చెక్క రోకలితో దంచుకునేవాడు. మనుషులతో నవ్వే నవ్వు వేరు, ఆ రోలు ముందు కూర్చుని నవ్వే నవ్వు వేరు. నేను పక్కన చేరి వీడియో తీసేవాణ్ని. ఒక శుక్రవారం మధ్యాహ్నం వంటగదిలోంచి ఒక అరుపు వినిపించింది. పరుగెత్తి వెళ్లి చూస్తే రోలు రెండు చెక్కలై ఉంది, మేస్త్రి దాని ముందు నిలబడి ఉన్నాడు, ముఖంలో నవ్వు లేదు. నవ్వు లేని ఆ ముఖం చూడటం నాకదే మొదలు, నిజంగా భయం వేసింది.

"యూ బ్రేక్?" అన్నాడు నన్ను చూసి. ఎప్పుడూ ఆ రోలు చుట్టూ ఫోను పట్టుకుని తిరిగేవాణ్ని నేనే కదా, ఆయన తప్పేం లేదు. నేను పగలగొట్టలేదు. పగలగొట్టలేదంటే నమ్మడం లేదు. చుట్టూ జనం పోగయ్యారు. వెల్డింగు చోటు నా కళ్ల ముందే జారిపోతోంది, మళ్లీ పైపులు భుజం మీదికి ఎక్కుతున్నాయి. అలాంటి ఆపదలో మనిషికి ఫోనులో చదివింది గుర్తుకు రాదు, అమ్మ దగ్గర నేర్చింది గుర్తుకొస్తుంది. మా ఊళ్లో నిజం నిరూపించుకోవడానికి ఒకటే దారి. రెండడుగులు ముందుకు వేసి, నవ్వుల మేస్త్రి నడినెత్తి మీద నా కుడిచెయ్యి పెట్టి అదిమాను. "ఒట్టు మేస్త్రి! మీ నో బ్రేక్!" అన్నాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? రూము పరువు కూడా నిలబెడదామని, "మై రూమ్ నోబడీ బ్రేక్!" అని కలిపాను. ఒట్టంటే ఆయనకు తెలియదేమో, వివరించడం మర్యాద కదా అని, చెయ్యి తీయకుండానే అరిచి చెప్పాను: "మీ లై, యూ డై!"

ఒక పరాయి దేశపు పెద్దమనిషి నెత్తి పట్టుకుని, నేను అబద్ధమాడితే నువ్వు చస్తావు అని నలుగురిలో ప్రకటించాను. మిగతా థాయి వెల్డర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు వెనక నుంచి జనాన్ని తోసుకుంటూ కాకా వచ్చి పడ్డాడు. "చెయ్యి తియ్యిరా! అరేయ్, ఆయన సస్తడురా! పలగ్గొట్టింది నేనే!" అంటూ మేస్త్రి వైపు తిరిగి, గుండె మీద గుద్దుకుంటూ, "అనా బ్రేక్! అనా! అనా!" అన్నాడు, తనకు వచ్చిన అరబ్బీలో నేనే నేనే అని. తెల్లారగానే తొక్కు నూరుకుందామని కూర్చున్నాడట, చెక్క రోకలి చేతికి ఆనలేదని ఇనుప రాడ్డు పట్టాడట. భయపడి మూల కూర్చున్నవాడు, రూములో ఎవరూ పగలగొట్టలేదని నేను ఒట్టు వేసేసరికి లేచి పరుగెత్తాడు. ఆ ఒట్టు అబద్ధమని, మేస్త్రి ప్రాణం మీదికి వచ్చిందని ఆ క్యాంపు మొత్తంలో తెలిసినవాడు తనొక్కడే.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టురా, జల్ది!" అని కాకా నన్ను తొందర పెట్టాడు. ఒట్టు తీయాలంటే మళ్లీ ముట్టుకోవాలేమోనని నేను ఇంకోసారి చెయ్యి ఎత్తాను. నవ్వుల మేస్త్రి ఒక్క గంతులో వెనక్కి దూకి, ముందురోజు ఎవరో గోడకు తగిలించి వదిలేసిన వెల్డింగు హెల్మెట్టు తీసి తలకు తొడుక్కున్నాడు. ఆ హెల్మెట్టుతోనే రోలు ముక్కలు ఏరుకుని గదిలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆయన గ్యాంగులోకి ఎవరిని అడిగారో మీరు ఊహించే ఉంటారు. కాకాని. నేను ఉండబట్టలేక వెళ్లి అడిగాను, మీ దేశం గురించి ఇంత తెలిసిన నన్ను కాదని, మీ రోలు పగలగొట్టినవాణ్ని తీసుకుంటారా అని. మేస్త్రి తన ముక్కల ఇంగ్లీషులో, "యూ స్కేర్డ్, జాబ్. కాకా స్కేర్డ్, మై హెడ్" అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రాత్రి మంచమెక్కి ఆ మాటకు జవాబు కోసం వీడియోలన్నీ వెతికాను.

కాకాకి ఆ వయసులో వెల్డింగు పని వచ్చింది. తనకు వచ్చాక శుక్రవారాలు తుక్కు ఇనుము మీద నాకు నేర్పాడు, "చెయ్యి ఒణకొద్దురా, పొయ్యింది పోనీ" అంటూ. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ చేతి నుంచి వచ్చిందే. థాయిలాండు మాత్రం ఇప్పటికీ చూడలేదు. మొన్న రూములో ఒకడు సెలవుకి బ్యాంకాక్ తిరిగొచ్చి అక్కడి సంగతులు చెబుతుంటే, మధ్యలో ఆపి రెండు తప్పులు సరిచేశాను.