మంచులో కొమ్ముల జింక

జర్మనీలో తుపాకుల తయారీకి పేరుపడ్డ జూల్ ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఉగ్గుపాలతోనే ఉక్కు వాసన అబ్బుతుంది. ఆల్వీనెకు దానితోపాటు నోరు కూడా అబ్బింది. యుద్ధం వచ్చి మగాళ్ళను ఊడ్చుకుపోయాక, తండ్రి కూర్చుని తుపాకుల మీద బొమ్మలు చెక్కిన కిటికీ పక్క బల్ల ఖాళీ అయింది. పెద్ద షెడ్లన్నీ సైన్యానికే పనిచేస్తున్నా, ట్రీబెల్ మేస్త్రి పనిశాలలో మాత్రం అప్పుడొకటి ఇప్పుడొకటి జంట గొట్టాల వేట తుపాకీ తయారవుతూనే ఉండేది.

"ఈ ఒక్కదాని మీద చెక్కి చూపించు. పాడుచేశావో, తిన్నగా తూటాల షెడ్డుకి పో," అన్నాడు మేస్త్రి, తండ్రి బల్ల తనకిమ్మని అడిగిన ఆల్వీనెతో.

తూటాల షెడ్డంటే రోజంతా మందు దుమ్ము, నోరెత్తనివ్వని పెత్తనం. నోరు మూసుకోవడం ఆల్వీనె వంటికి పడదు. అందుకని ప్రాణం పెట్టి చెక్కింది. మంచు కప్పిన చెట్లు, వాటి మధ్య కత్తుల్లాంటి కొమ్ములతో జింకపోతు. మసి పట్టించి కాగితం మీద అచ్చు తీసి, అందరూ చూడాలని కిటికీకి అంటించింది కూడా.

తుపాకులకు కర్ర మడమలు చేసే ఎగోన్ తాత చూశాడు. తాగుతున్న బార్లీ కాఫీ ముక్కులోంచి వచ్చేలా నవ్వాడు.

"అమ్మాయ్, ఇది ఏ కాలమే?"

"మంచు కనబడట్లేదా తాతా? చలికాలం."

"మరి నీ జింకకి కొమ్ములెక్కడివి? అద్దెకి తెచ్చుకుందా?"

ఆ అడవుల్లో చలి ముదరకముందే జింకపోతు కొమ్ములు రాల్చేస్తుందని ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆల్వీనె నాలిక కరుచుకుంది. అయినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కదా!

"నా జింక, నా ఇష్టం. రాల్చడం మరిచిపోయింది."

"ఈ తుపాకీ చేయించుకున్న రెమ్డా దొరగారు రేపు తీసుకెళ్ళడానికి వస్తున్నారు. ఆయనకీ అదే చెప్పు!"

ఉక్కు మీద గీత పడిందంటే పడిందే, చెరపడానికి పలక కాదు. ఏం చెయ్యాలో తోచక ముసలాయన మొహంకేసే గుడ్లప్పగించి చూసింది. వారం రోజులుగా గీసుకోని గడ్డం మీద తెల్లటి నూగు.

"తాతా, కదలకు!" అని అరిచింది.

చలి చివర్లో కొత్త కొమ్ములు మొలిచేటప్పుడు వాటి మీద అచ్చం అలాంటి నూగు తోలే ఉంటుంది. కూర్చుని కొమ్ముల చుట్టూ సన్నటి చుక్కలు పొడిచింది. మొనలు మొద్దుబారాయి, కొమ్ములు బొద్దుగా, ముద్దుగా తయారయ్యాయి.

మర్నాడు దొర బొజ్జ ముందు, తాను వెనక వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"ఇదేంటి మేస్త్రీ! నూగుకొమ్ముల జింకా? కొమ్ములు ముదిరేదాకా దీన్ని కొడితే తప్పు కదయ్యా!"

మేస్త్రి నోరు తెరిచేలోపే ఆల్వీనె ముందుకొచ్చింది.

"అందుకేనండీ చెక్కింది. తమరు తుపాకీ ఎత్తినప్పుడల్లా ఇది తమరికేసి చూసి, నన్నేం చెయ్యలేవు పో అంటుంది."

దొర బొజ్జ కదిలింది. తరవాత భుజాలు కదిలాయి. ఆ తరవాత కోటు గుండీ ఒకటి తెగి కొలిమి కిందకు దొర్లింది.

"మా ఆవిడ చూపూ ఇంతే పిల్లా! రెండో వైపు ఆడజింకను కూడా చెక్కు. పాపం, ఒంటరిగా ఉన్నాడు."

దొర వెళ్ళాక మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"అలా దిష్టిబొమ్మలా నిలబడ్డావేం? ఆడజింకను ఎవరు చెక్కుతారు, మీ అత్తా? బల్ల దగ్గరకి పో!"

ఆమె సుత్తి చప్పుడు ఆ పూట వీధి చివర రొట్టెల కొట్టు దాకా వినిపించింది. చప్పుడుతోపాటు పాట కూడా ఎత్తుకుంది. గొట్టాలు సాపు చేసేవాళ్ళు తల పట్టుకున్నారు గానీ, ఆపమనే ధైర్యం ఒక్కడికీ లేకపోయింది.