సాక్ష్యం చెప్పాక

చాలా ఏళ్ల కిందట, ఒక ఆదివారం ఉదయం సికింద్రాబాద్ స్టేషన్ ఆడవాళ్ల వెయిటింగ్ రూమ్‌లో, తెల్లచీర కట్టుకుని ఒళ్లో బైబిలు పెట్టుకున్న ఒకావిణ్ణి ఏ రైలుకని అడిగాను.

"రైలుకి కాదండి, ఇంట్లో చర్చికని చెప్పి వచ్చాను. పెద్దపేగు క్యాన్సరుకి ఆపరేషనైంది. పూర్తిగా నయమైందని చర్చిలో అందరి ముందూ నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు. ఇప్పుడేమో నిద్రపోయి లేచినా అలసటే. పాటకి లేచి నిలబడకపోతే విశ్వాసం తగ్గిందా అంటారు."

"డాక్టరుకి చెప్పలేదా?"

"రిపోర్టులు బాగున్నాయి, ఇంకేం కావాలమ్మా అన్నాడు."

ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. "చర్చిలోనే ఉన్నా, పాస్టరుగారు వాక్యం మొదలుపెట్టారు," అని గుసగుసగా చెప్పి పెట్టేసింది. బైబిలు సంచిలో పెట్టి బెంచీ మీద ఒరిగింది.

"ఆరాధన అయ్యే వేళకి, పన్నెండింటికి, కాస్త లేపుతారా?"

సరేనన్నాను గానీ, నా రైలు పన్నెండు కాకముందే వచ్చింది. ఆవిణ్ణి లేపబుద్ధి కాలేదు.