నగరిలో గొళ్లెం పెట్టిన గది

మొన్న తిరుపతిలో మనవరాలిని బడిలో చేర్చడానికి వెళ్తే, చిన్నపిల్లల తరగతిలో మాటలు రాని ఒక పిల్లవాడి వెంట, అచ్చంగా వాడి కోసమే పెట్టిన టీచరమ్మ తీరిగ్గా తిరుగుతూ కనిపించింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

మన కాలంలో అంగన్‌వాడీ టీచరంటే మీకు తెలియనిదేముంది, పాటా మనమే, తూకమూ మనమే, చుక్కల మందూ మనమే. నగరిలో నా కేంద్రం ఒకే గది, గడప దాటితే చిన్న వసారా, ఆ వెంటనే లారీల రోడ్డు. వీధంతా మరమగ్గాల మోత కాబట్టి ఏం చెప్పాలన్నా అరవాల్సిందే. ఆ గొంతు ఇంకా తగ్గలేదని మా కోడలు ఇప్పటికీ విసుక్కుంటుంది.

ఒకరోజు మగ్గం నడిపే ఒకామె నాలుగేళ్ల కూతుర్ని తెచ్చింది. పిల్లకు మాట లేదు, పిలిస్తే చూడదు, వదిలితే పరుగే. మగ్గంలో ఎక్కడ చెయ్యి పెడుతుందోనని పగలంతా పాత చీరతో స్తంభానికి కట్టి ఉంచేవాళ్లు, ఆ వీధిలో అదేమీ వింత కాదు. ఆ చీర నాకిచ్చి, "ఈడ గూడా కట్టేయండి టీచరమ్మా, నేనేమీ అనుకోను" అంది.

కట్టనని పౌరుషంగా అన్నాను గానీ, ఆ రోజు నుంచి నా చేతుల్లో ఒకటి ఆ పిల్లదే అయిపోయింది. తలుపుకు గొళ్లెం పెట్టక తప్పలేదు. లోపల పప్పు ఉడికే ఆవిరి, ఉక్క, బయట ఆడుకోలేక మిగతా పిల్లల ఏడుపు. ఒక్క బిడ్డ కోసం మా బిడ్డలకెందుకీ జైలని తల్లుల పోరు. ఇంకొక మనిషిని ఇవ్వమంటే ఉన్నవాళ్లతోనే సర్దుకోమన్నారు పైవాళ్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అయినా ఆ పిల్ల మెల్లగా కుదురుకోసాగింది. చాటలో కందులు గలగలలాడిస్తే నా ఒళ్లో కూర్చునేది. ఒకనాడు పక్క పిల్ల చెయ్యి పట్టుకుని తనే చాటలో పెట్టింది. కబురు విని తల్లి మగ్గం ఆపి పరుగెత్తుకొచ్చి, కిటికీ దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంది.

అంతలోనే తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించసాగారు. ఇలాగైతే కేంద్రమే మూతపడుతుందని పైనుంచి హెచ్చరిక వచ్చింది. ఎవరు చెప్పారో, మర్నాడు ఆ తల్లి తనే వచ్చింది.

"మిమ్మల్ని గూడా కట్టేసినట్టే అయిపోయింది టీచరమ్మా. నా బిడ్డను నేను తీసకపోతా."

గొళ్లెం తీశాను. పిల్లలంతా కేరింతలతో వసారాలోకి పరుగెత్తారు, ఆ పిల్ల మాత్రం చాట వదలకుండా ఏడ్చింది.

మనవరాలి బడిలో ఆ టీచరమ్మ అలసిపోతే మరొకరు వస్తారట. సంతోషమే, కాదనను. కానీ ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. ఆనాడు ఆ తల్లికీ నాకూ కావలసింది ఇంతే కదా, ఇంకొక్క మనిషి.