ఎండకు పెట్టిన యుకులేలేలు

మొన్న డాబా మీద మిరపకాయలు ఆరబోసి కాకులను తోలుతూ కూర్చుంటే, బళ్లలో సంగీతం నేర్పే మా కోడలు మెట్ల మీద నుంచి తొంగిచూసి, ఎండబెట్టాల్సినవి ఇంట్లో ఇంకేమన్నా మిగిలాయా అత్తమ్మా అని అడిగి, నవ్వుకుంటూ దిగిపోయింది. ఆ ఎత్తిపొడుపు వెనక ఒక కథ ఉంది. పదేళ్లు కావస్తోంది కనుక ఇప్పుడు చెప్పుకున్నా తప్పులేదు, పైగా నా ఈడువాళ్లయితే నన్ను మరీ అంత తిట్టుకోరు.

అప్పుడు కోడలు ఖిలా వరంగల్‌లో ఒక చిన్న బడిలో కొత్తగా చేరింది. ఆ బడిలో పాటంటే పొద్దున ప్రార్థన ఒక్కటే. ఈమె ఎవరెవరినో బతిమాలి పది యుకులేలేలు తెప్పించింది. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను, అది మూరెడు పొడవుండే గిటారులాంటిది, పిల్లల ఒళ్లో ఇమిడిపోతుంది, ఉన్న నాలుగు తీగలూ నైలానువి కనుక లేత వేళ్లు కోసుకుపోవు. నాకు మాత్రం అది జాతరలో కొనే ఆటబొమ్మలా కనబడింది. మూడో తరగతితో బడి మాని, పరకాల దగ్గర పొలాల్లో నాట్లకు పోయినదాన్ని, అంతకంటే నాకేం తెలుస్తుంది.

బడి పెద్ద మేడమ్‌కు కూడా నమ్మకం కుదరలేదు. ఆగస్టు పదిహేను నాడు తల్లిదండ్రుల ముందు అయిదో తరగతి పిల్లలు ఇరవైమందీ వాయించి చూపిస్తే సరి, లేకుంటే సంగీతం పీరియడును లెక్కలకు ఇచ్చేస్తానని ముందే చెప్పేసింది. పీరియడు పోతే కోడలి ఉద్యోగమూ పోయినట్టే.

ఎండాకాలం సెలవులకు బడిలో తాళం వేసే గది లేదని ఆ పదింటినీ మా ఇంటికి తెచ్చి, జాగ్రత్తగా చూడమని నాకు అప్పగించి, కోడలు రెండు రోజులు పుట్టింటికి వెళ్లింది. జాగ్రత్త అంటే నాకు తెలిసింది ఒకటే. మే నెలలో ఇంట్లో దాచుకునే ప్రతి వస్తువుకూ ఒక పూట ఎండ చూపించాలి, పప్పులైనా చింతపండైనా దిండ్లయినా సరే, లేకపోతే పురుగు పడుతుంది. చెక్క అన్నాక పురుగు పట్టదా అనుకుని, పదింటినీ సంచుల్లోంచి తీసి, పాత దుప్పటి పరిచి, మిరపకాయల పక్కన వరుసగా పడుకోబెట్టాను. సాయంత్రం పోయి చూస్తే ఆరింటికి జిగురు కరిగి, తీగలు కట్టిన చెక్క ఊడి వచ్చింది. పైపలక వంకరపోయింది. నాలుగు మాత్రం నీళ్లట్యాంకు నీడలో పడి బతికాయి.

కోడలు వచ్చి చూసి, ఊడిన చెక్కలను ఒక్కొక్కటిగా ఏరి సంచుల్లో సర్దింది. తిట్టినా బాగుండేది.

"మీరు కావాలని చేసిన్రా ఏంది అత్తమ్మా, ఊకోండి," అన్నది చివరికి, మొహం పక్కకు తిప్పుకుని.

వడ్రంగం చేసే మా తమ్ముడి దగ్గరకు మర్నాడే ఆ ఆరింటినీ పట్టుకుని పరకాల పోయాను. వంకరపోయిన పలక మళ్లీ తిన్నగా కాదని చేతులెత్తేశాడు. ఉత్తచేతులతో రాబుద్ధి కాక, వాడి కొట్లో మూల పడివున్న చెక్కముక్కలను యుకులేలే మెడంత వెడల్పున ఇరవై కోయించి, ఒక్కోదాని మీద నాలుగు గీతలు గీయించి తెచ్చాను. మోగకపోతే ఏం, ఏ గీత మీద ఏ వేలు పెట్టాలో ఇంటి దగ్గర నేర్చుకోవచ్చు కదా అన్నాను. కోడలు ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, మొదటిసారి నా మొహంలోకి చూసింది.

జూన్‌లో బడి తెరిచాక నేనూ వెంట పోయేదాన్ని. ఒక గడుగ్గాయి పిల్ల అందరి ముందూ నన్నడిగింది, "అమ్మమ్మా, చిన్న గిటార్లు ఎండబెట్టినవంట గదా, మరి తొక్కు ఎప్పుడు పెడ్తవు?" క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు గానీ, ఆ పిల్లకే అందరికంటే ముందు చెక్కముక్క మీద వేళ్లు కుదిరాయి.

అయినా ఉన్నవి నాలుగే. నలుగురు వాయించి మిగతావాళ్లు పాడితే చాలదా అని కోడలు అడిగితే, పెద్ద మేడమ్ ససేమిరా అన్నది. "ఇరవైమంది అంటే ఇరవైమందే. నలుగురు వాయిస్తుంటే మిగిలినోళ్లు చూసుడు క్లాసు కాదమ్మా, తమాషా."

అప్పుడు నాకు నాట్లు గుర్తొచ్చాయి. నాటు వేసేటప్పుడు ఒకతె నారు అందుకోవడానికి ఆగితే పక్కామె పాట అందుకునేది. మునం, అంటే నాటే వరస, మారినా, మనిషి మారినా, గట్టు చేరేదాకా పాట తెగేది కాదు. కోడలితో అదే చెప్పాను, "పాట ఆగొద్దు బిడ్డా. చేతులు మారాలె." మా అమ్మ పాడే నాట్ల పాట ఒకటి పాడి వినిపించాను. దానికి అయిదు చరణాలున్నాయి, చరణానికి నలుగురు. మార్చుకునేటప్పుడు రెండు వారాల పాటు ఒకరి మోచేయి ఒకరికి తగులుతూనే ఉంది, పాట తెగుతూనే ఉంది.

ఆగస్టు పదిహేను నాడు తెగలేదు. ఒక చరణం ముగిసి మిగతావాళ్లు పల్లవి పాడుతుండగానే యుకులేలేలు నలుగురి చేతుల్లోంచి నలుగురి చేతుల్లోకి, నిండు బిందె అందించినంత నెమ్మదిగా వెళ్లాయి. పెద్ద మేడమ్ వేళ్లు మడిచి ఇరవై లెక్కపెట్టుకోవడం నేను చూశాను. ముగిశాక కోడలి దగ్గరకొచ్చి, పీరియడు నీదే అని ఒక్క మాట అని వెళ్లింది. ఎవరినీ మొహం మీద పొగిడే అలవాటు నాకు లేదు. పక్క కుర్చీలో కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆమెతో మాత్రం, అదిగో ఆమె నా కోడలు అని రెండుసార్లు చెప్పాను.

ఇప్పుడు కోడలు మూడు బళ్లలో నేర్పుతోంది, పిల్లలందరికీ తలా ఒక యుకులేలే ఉంది, ఎవరూ ఎవరి కోసమూ ఆగనక్కరలేదు. నాకు అది గర్వమే. కానీ అప్పుడప్పుడు వెళ్లి వెనక కూర్చుంటే చూస్తుంటాను, ప్రతి పిల్లా తల వంచుకుని తన తీగలనే చూసుకుంటుంది. ఆనాడు చేతుల్లో ఏమీ లేని పదహారుమంది, తమ వంతు ఎక్కడ తప్పిపోతుందోనని, నలుగురి వేళ్లనే చూస్తూ ఊపిరి బిగబట్టి వినేవారు. అంత శ్రద్ధగా వినే పిల్లలను నేను మళ్లీ చూడలేదు.