ఎదురింటి అల్మారా నాదైన ఎనిమిది రోజులు

ఆ రోజుల్లో నాకు అనుమానం ఎక్కువ. (ఇప్పుడూ తక్కువేం కాదు, మోకాళ్ళు సహకరించక కాస్త నెమ్మదించింది.) అమెరికాలో అబ్బాయి ఉండే నోవై ఊరికి వచ్చిన తొలి ఏడాది సంగతిది. అప్పటికి నాకింకా అరవై దాటలేదు, అంటే పడుచుదాన్నే. నాలుగో తరగతితో ఆగిన చదువైనా, చవగ్గా వచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటుందని మాత్రం తెలుసు. అలాంటిది ఓ పొద్దున ఎదురింటి యూదుల పెద్దావిడ కాగితం, కలం పట్టుకొచ్చి, తన వంటింటి అల్మారాలో సరుకంతా నాకు ఒక్క డాలర్‌కి అమ్ముతానంది!

"వాళ్ళ పాసోవర్ పండగ నానమ్మా," అంది మనవరాలు. "ఎయిట్ డేస్ పిండి, బ్రెడ్, పాస్తా ఇంట్లో ఉన్నా వాళ్ళవి అయ్యుండకూడదు. నువ్వు కొను. తర్వాత ఆంటీ మళ్ళీ కొంటుంది."

"పురుగు పట్టిందేమో అడుగు."

"నానమ్మా! దట్స్ సో రూడ్!"

అడగనంది. నేనే వెళ్ళి ప్రతి పొట్లం వెలుతురుకి పట్టి చూశాను. పురుగు లేదు గానీ విస్కీ సీసా ఉంది. (అదీ గింజలతో చేసిందేనట. ఏకాదశి తప్పని నేను సీసాకి యజమానురాలినయ్యాను.) సంతకం పెట్టి డాలర్ ఇచ్చాను. ఆవిడ అల్మారాకి తాళం వేసి, ఆ చెవితోపాటు వీధి తలుపు తాళంచెవి కూడా నా చేతిలో పెట్టింది.

మూడోరోజు మా ఇంట్లో చపాతీ పిండి నిండుకుంది. అబ్బాయి స్టోర్‌కి వెళ్తానంటే, "నా పిండి ఎదురింట్లో ఉండగా డబ్బు తగలేస్తావా?" అని నేనే బయల్దేరాను. మనవరాలు వెనకే పరుగు. "నో నానమ్మా! అది జస్ట్ ప్రిటెండ్!" ఉత్తుత్తిదో నిజమో తేల్చుకుందామనే కదా నా ప్రయాణం!

అక్కడ ఆవిడ చుట్టాలతో కూర్చుని అప్పడంలాంటి పొంగని రొట్టె కొరుకుతోంది. నేను తాళం తీసి పిండి సంచీ చంకన పెట్టుకునేసరికి నమిలే చప్పుడు ఆగిపోయింది. అడ్డం పడుతుందని చూశాను. ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి ఏదో అంది.

"ఎన్నో ఇయర్స్ నుంచి అమ్ముతోందంట నానమ్మా. నిజంగా వచ్చి తీసుకుంది నువ్వే ఫస్ట్. అది నీదేనంట. నీ వల్ల సేల్ రియల్ అయిందని థాంక్స్ చెప్తోంది."

ఇంటికొచ్చి చపాతీలు ఒత్తుతుంటే బొడ్లో ఏదో గుచ్చుకుంది. రెండు తాళంచెవుల గుత్తులు. ఒకటి ఆవిడది, పరాయిదాన్నని చూడకుండా ఇచ్చింది. రెండోది నా నగల పెట్టెది, ఇంట్లో తిరిగే కోడలికి కూడా ఏనాడూ ఇవ్వనిది. ఆ పూటే కోడల్ని పిలిచి ఆ గుత్తి ఇచ్చేశానని రాస్తే బాగుండును. ఇవ్వలేదు. అందుకు ఇంకో మూడు పాసోవర్లు పట్టింది. (అప్పుడూ గాజులు లెక్కపెట్టే ఇచ్చాననుకోండి.)